గట్టు మీద నుంచి రబ్బరు కప్పతో కొర్రమీను: బెజవాడ, గుంటూరు కాలువల మీద గాలం వేసేవారికి సమగ్ర మార్గదర్శి

రబ్బరు కప్పతో, అంటే గాలాలు అమర్చిన కప్ప ఆకారపు ఎరతో, కొర్రమీను పట్టడం గురించి అడిగేవాళ్లలో ఎక్కువమంది చెప్పే బాధ ఒకటే. చేప కొడుతోంది, నీళ్లు చిమ్ముతున్నాయి, తీరా లాగితే కప్ప ఒక్కటే ఎగిరి వస్తోంది. ఇంకొందరికి చేప పడుతోంది గానీ గుర్రపుడెక్కలోకి దూరి తప్పించుకుపోతోంది.

ఖరీదైన రాడ్ కొన్నంత మాత్రాన ఈ బాధ తీరదు. విసరకముందే చేపను ఏ దారిన బయటికి తీయాలో చూసుకోవాలి, చేప కొట్టాక క్షణం ఆగాలి. కింద చెప్పేవన్నీ ఈ రెండూ కుదరడానికి చేసుకునే ఏర్పాట్లే. వరస మార్చకుండా చేయండి.

## 1. కాలం, వేళ

ఫిబ్రవరి చివర నుంచి మే దాకా మంచి అదను. పంటలు అయిపోయి కాలువలు కట్టేశాక నీళ్లు తగ్గుతాయి, చేపలు మడుగుల్లోకి, తూముల దగ్గరి గుంటల్లోకి చేరతాయి. నీళ్లు వెచ్చగా ఉంటే కొర్రమీను చురుగ్గా పైకొచ్చి కొడుతుంది.

ఎండాకాలంలో తెల్లవారుజాము వెలుగు నుంచి ఎనిమిదిన్నర దాకా, మళ్లీ సాయంత్రం ఐదు తర్వాత. బెజవాడ ఎండలో మిట్టమధ్యాహ్నం గట్టు మీద నిలబడితే వడదెబ్బ తప్ప ఏమీ రాదు. డిసెంబరు, జనవరుల్లో మాత్రం దీనికి తిరగబడుతుంది. పొద్దున్నే నీళ్లు చల్లగా ఉంటాయి కాబట్టి పదింటి తర్వాత వెళ్లడం మేలు.

కాలువలకు కొత్తగా నీళ్లు వదిలిన రోజుల్లో ఎర్రనీరు, వడి రెండూ ఎక్కువే. అప్పుడు పెద్ద కాలువ వదిలేసి పక్క డ్రెయిన్లు, పంటబోదెలు కలిసే చోట్లు చూడండి.

వానలు పడ్డాక నీటి పైన ఎర్రటి చేపపిల్లల గుంపు ఒక్కచోట మసులుతూ కనబడితే అది కొర్రమీను సంతానం. కింద పెద్ద చేప కాపలా ఉంటుంది. దగ్గరికి ఏది వచ్చినా కొడుతుంది కాబట్టి దాన్ని పట్టడం తేలికే. పట్టకండి. కాపలా పోయిన పిల్లల్ని మిగతా చేపలు మిగల్చవు, వచ్చే ఏడాది ఆ కాలువలో మీకే చేప ఉండదు.

## 2. ఎక్కడ వేయొచ్చు, ఎక్కడ వేయకూడదు

ఊరి చెరువులు చాలావరకు మత్స్యకార సంఘాలకో, పాడుకున్నవాళ్లకో లీజులో ఉంటాయి. అందులోని చేప వాళ్ల పెట్టుబడి. అడగకుండా గాలం వేస్తే అది దొంగతనమే. డ్రెయిన్ గట్టు మీద కూడా పక్క పొలం రైతు కనబడితే "బాబాయ్, ఇక్కడ కాసేపు గాలం వేసుకోమంటారా?" అని అడగండి. కాదనేవాళ్లు తక్కువ, పైగా చేప ఏ మూల తిరుగుతుందో వాళ్లే చూపిస్తారు.

కాలువ లస్కరు (కాలువ నీళ్లు చూసుకునే ఉద్యోగి) కనిపిస్తే నీళ్లు ఎప్పుడు వదులుతారో, ఎప్పుడు ఆపుతారో కనుక్కోండి. ఆ ఒక్క కబురుతో మీ వారం మొత్తం ప్లాన్ చేసుకోవచ్చు.

బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ విజయవాడ ఊరి మధ్య నుంచి పోతాయి. ఊళ్లోని మురుగు వాటిలో కలుస్తుంది. ఆ భాగంలో విసరడం సాధన చేసుకోండి, చేపను తినడానికి మాత్రం తెచ్చుకోకండి. వంటకి కావాలంటే ఊరు దాటి, పంటపొలాల మధ్య నీళ్లు తేటగా ఉన్న చోటికి వెళ్లాలి. గుంటూరు వైపు కొమ్మమూరు కాలువ పక్క బోదెలు, తెనాలి చుట్టుపక్కల డ్రెయిన్లు ఇలాంటి వేటకు అనువైనవి.

ప్రకాశం బ్యారేజీ దిగువన రాళ్ల మీద నిలబడి గాలం వేయాలని చాలామందికి ఆశ. బ్యారేజీకి 70 గేట్లు. వరదకి మొదటి ప్రమాద హెచ్చరిక 3.97 లక్షల క్యూసెక్కుల దగ్గర ఇస్తారు. అది లంక ఊళ్ల కోసం ఇచ్చే హెచ్చరిక. నది మధ్య రాయి మీద ఉన్నవాడికి కొన్ని గేట్లు అడుగు ఎత్తినా తిరిగొచ్చే దారి మునిగిపోతుంది. జూలై నుంచి అక్టోబరు దాకా నదిలోకి దిగకండి. 2024 సెప్టెంబరులో ఇదే బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా పోయింది. మిగతా నెలల్లో కూడా ఒడ్డుకి ఆనుకుని ఉన్న రాళ్ల మీదే నిలబడాలి, మీ వెనక ఎప్పుడూ పొడి నేల ఉండాలి.

## 3. సామాను

- రాడ్: ఆరున్నర నుంచి ఏడడుగులు, మీడియం హెవీ. కొస కొంచెం వంగాలి, నడుము గట్టిగా ఉండాలి. మెత్తటి రాడ్‌తో గడ్డిలోంచి చేపను లేపలేరు.
- రీల్: కొత్తవాళ్లకి స్పిన్నింగ్ రీల్, 3000 సైజు. బెయిట్‌కాస్టర్ (ఇంకో రకం రీల్) తర్వాత నేర్చుకోవచ్చు.
- దారం: 30 నుంచి 50 పౌండ్ల బరువు ఆపే బ్రెయిడ్ (సన్నటి పోగులు అల్లిన దారం). గుర్రపుడెక్క దట్టంగా ఉంటే 50 వైపే ఉండండి.
- కప్పలు: లోపల బోలుగా, మెత్తగా ఉండే రెండు గాలాల కప్పలు, 8 నుంచి 14 గ్రాములు. రంగు గురించి తల పగలగొట్టుకోవద్దు. ఒకటి నలుపు, ఒకటి ఆకుపచ్చ చాలు.
- పొడుగు ముక్కు పట్టుకారు, నోరు పట్టుకునే గ్రిప్, పొడవాటి పిడి ఉన్న వల.
- చీలమండ మూసే బూట్లు, టోపీ, నీళ్ల సీసా, పాత గుడ్డ ముక్క.

నైలాన్ దారంతో ఈ వేటకి దిగకండి. సాగుతుంది. దూరాన మీరు కొట్టిన దెబ్బలో కొంత ఆ సాగుడులోనే పోతుంది.

కానీ స్పూలు (రీల్‌లో దారం చుట్టుకునే చక్రం) అడుగున నాలుగైదు మీటర్లు నైలాన్ చుట్టి, దాని మీద బ్రెయిడ్ కట్టండి. వట్టి బ్రెయిడ్ నున్నటి స్పూలు మీద మొత్తంగా తిరిగిపోతుంది. అప్పుడు డ్రాగ్ (దారం ఎంత బలానికి జారాలో సరిచేసే మర) ఎంత బిగించినా పట్టు ఉండదు, తప్పంతా రీల్‌ది అనుకుంటారు.

డ్రాగ్ బాగా బిగించాలి. చేతికి గుడ్డ చుట్టుకుని బలంగా లాగితేనే దారం కదలాలి. వట్టి చేత్తో బ్రెయిడ్ లాగితే వేలు తెగుతుంది.

## 4. కప్పను ఇంట్లోనే సిద్ధం చేయండి

దుకాణంలోంచి తెచ్చిన కప్పను తెచ్చినట్టే నీళ్లలో వేయడం వల్లే సగం చేపలు పోతున్నాయని నా నమ్మకం. ఈ పనికి పది నిమిషాలు పట్టదు.

1. బొటనవేలితో కప్ప వీపు నొక్కండి. తేలిగ్గా అణిగి రెండు గాలాల మొనలూ బయటపడాలి. గట్టిగా ఉంటే వేణ్నీళ్లలో కాసేపు ఉంచి, చేత్తో నలిపి మెత్తబరచండి.
2. పట్టుకారుతో రెండు మొనల్నీ రెండు మూడు మిల్లీమీటర్లు పైకి, కొద్దిగా పక్కకి విప్పండి. ఎక్కువ విప్పితే గడ్డి తగులుకుంటుంది.
3. మొనను బొటనవేలి గోరు మీద ఆనించి మెల్లగా లాగండి. జారితే మొద్దు, ఆకురాయి పెట్టండి. నాటుకుంటే సరే.
4. వెనక రబ్బరు కాళ్లు పొడుగ్గా ఉంటే ఒక కాలు రెండో దానికన్నా పొట్టిగా కత్తిరించండి. లాగుతున్నప్పుడు కప్ప అటూ ఇటూ తల తిప్పుతుంది. చేప కాళ్ల చివరల్ని మాత్రమే కొరికి వదిలేయడం కూడా తగ్గుతుంది.
5. బకెట్ నీళ్లలో వేసి చూడండి. వీపు పైకి, పొట్ట కిందికి ఉండి తేలాలి. వెల్లకిలా పడితే పొట్టలోకి చిన్న సీసపు గుండు జారవిడవండి.

## 5. ముడి

బ్రెయిడ్‌ని నేరుగా కప్పకే కట్టండి. గడ్డిలో మధ్య ముడులు పనికిరావు, అక్కడే నాచు పట్టుకుంటుంది. పాలోమర్ ముడి చాలు:

1. దారాన్ని జానెడు మేర రెండు పేటలుగా మడిచి, ఆ మడతను కప్ప ముక్కు కన్నంలోంచి దూర్చండి.
2. రెండు పేటలతో మామూలు వదులు ముడి వేయండి.
3. మడత ఉచ్చులోంచి కప్ప మొత్తాన్ని దాటించండి. అందుకే ఉచ్చు పెద్దదిగా ఉంచుకోవాలి.
4. ఉమ్మితో తడిపి, మెల్లగా బిగించి, కొసను అర సెంటీమీటరు వదిలి కత్తిరించండి.

ప్రతి చేప తర్వాత ముడిని గోటితో తడిమి చూడండి. గరుగ్గా తగిలితే మళ్లీ కట్టడమే.

## 6. నీళ్లను చదవండి

గట్టు ఎక్కగానే విసరకండి. పది నిమిషాలు ఊరికే చూడండి.

కొర్రమీను మొప్పలతో పాటు గాలి కూడా పీలుస్తుంది. కొన్ని నిమిషాలకోసారి పైకి రాక తప్పదు. నీటి మీద ఒక్క గుబుక్కు శబ్దం, చిన్న వలయం, ఒకటి రెండు బుడగలు కనిపిస్తే అది కొర్రమీను కావచ్చు. సన్నటి బుడగలు వరసగా చాలాసేపు వస్తుంటే అడుగు మట్టి తవ్వే చేపలు, వాటికి కప్ప అక్కర్లేదు.

నిలబడి చూడాల్సిన చోట్లు:

- గుర్రపుడెక్క ముగిసి తేటనీరు మొదలయ్యే అంచు. చాపలా పరుచుకున్న ఆ డెక్క మధ్యలో పళ్లెమంత ఖాళీలు.
- తూము నోళ్లు, కల్వర్టుల నీడ.
- పొలం నీళ్లు బోదెలోంచి డ్రెయిన్‌లో పడే చోటు. కప్పలు, చిన్న చేపలు అక్కడే కొట్టుకొస్తాయి.
- జమ్ము దుబ్బుల మొదళ్లు.
- వాడకం తగ్గిన రేవు పక్కన గట్టు కిందికి తొలిచినట్టున్న బొరియలు.

వలయం కనిపించిన చోట నెత్తిన వేసినట్టు కప్పను వేయకండి. గాలి పీల్చిన చేప కిందికి దిగి కొద్ది దూరంలోనే ఉంటుంది. దాని అవతల వేసి దాని మీదుగా నడిపించాలి.

## 7. చేప బయటికి వచ్చే దారి

ఎక్కువమంది దాటేసేది ఈ మెట్టే. విసరకముందు మిమ్మల్ని మీరు ఇవి అడగండి:

- చేప పడితే ఏ ఖాళీలోంచి లాగుతాను?
- నీటి మట్టానికీ నా పాదాలకీ ఎత్తెంత? వల అందుతుందా?
- లాగే దారిలో తుమ్మకొమ్మ, మునిగిన స్తంభం, పాత వల ఉన్నాయా?
- నిలబడ్డ రాయి పొడిగా ఉందా, పాచి పట్టిందా?
- తల పైన కరెంటు తీగలు ఉన్నాయా? కార్బన్ రాడ్‌లో కరెంటు పారుతుంది.

ఒక్కదానికైనా జవాబు సరిగా లేకపోతే పదడుగులు పక్కకి జరగండి. చేప బాగా ఉన్న చోటు, తీయడానికి దారి లేని చోటు ఒకటే అయితే ఆ చోటు మనది కాదు. గాలం తెంచుకుపోయిన కొర్రమీను నోట్లో ఇనుముతో బతకాల్సి వస్తుంది.

కాలువ లైనింగు వాలు మీదికి దిగకండి. తడి సిమెంటు మీద పాచి ఉంటే జారినవాడికి పట్టుకోవడానికి ఏమీ దొరకదు. రాళ్ల సందుల్లో, గడ్డిలో కర్రతో తట్టుకుంటూ నడవండి. మన గట్ల మీద రక్తపింజర, కట్లపాము రెండూ ఉంటాయి.

సూర్యుడు వీపు వెనక ఉంటే మీ నీడ నీళ్ల మీద పడుతుంది. పడకుండా వెనక్కి నిలబడండి. అడుగుల చప్పుడు కూడా నేల గుండా నీళ్లలోకి పోతుంది, గట్టు మీద మెల్లగా నడవండి.

## 8. విసరడం

మొదటి విసురు అవతలి ఒడ్డుకి కాదు. మీరు నిలబడ్డ గట్టు వెంట, అంచుకి రెండడుగుల దూరంలో సమాంతరంగా వేయండి. పెద్ద చేప చాలాసార్లు మీ కాళ్ల కిందే ఉంటుంది. ఆ తర్వాత ఎదుటి గడ్డి అంచు, చివరికి అవతలి ఒడ్డు.

అనుకున్న చోటుకి మూడు నాలుగడుగులు అవతల, గడ్డి మీదో గట్టు మీదో కప్పను పడేయండి. అక్కడి నుంచి మెల్లగా నీళ్లలోకి జార్చండి. నిజం కప్ప దిగేదీ అలాగే. నీళ్లలో దబ్బున పడిన కప్పకి చేప బెదురుతుంది.

కప్ప పడే ముందు స్పూలు అంచుకి చూపుడువేలు ఆనించి దారం వేగం తగ్గించండి. పడగానే వదులు చుట్టేయండి.

## 9. కప్పను నడపడం

రాడ్ కొసను పైకి పట్టి, మణికట్టుతో చిన్న చిన్న కుదుపులు ఇవ్వండి. రెండు మూడు కుదుపులు, ఒక ఆగుడు. గడ్డి మీద ఆపకుండా నడిపించండి. తేటనీటి ఖాళీ రాగానే ఆపేయండి, నీటి వలయాలు చెరిగిపోయేదాకా. దెబ్బ ఎక్కువగా ఆ ఆగుడులోనే పడుతుంది.

కప్ప వెనక నీళ్లు ఉబ్బుతూ వస్తుంటే చేప వెంబడిస్తున్నట్టు. కంగారుపడి వేగం పెంచకండి, పూర్తిగా ఆపకండి. అదే వేగంతో నడిపించండి.

## 10. చేప కొట్టింది, ఇప్పుడేం చేయాలి

నీళ్లు పేలినట్టు చిమ్ముతాయి. చేతులు వాటంతట అవే పైకి లేస్తాయి. ఆ లేవడాన్ని ఆపుకోగలిగితే ఈ వేట వచ్చినట్టే.

కొర్రమీను కప్పను నీళ్లు, గాలి, గడ్డితో కలిపి లోపలికి గుంజుకుంటుంది. ఆ క్షణంలో కప్ప పెదవుల మధ్యే ఉంటుంది, ఉబ్బే ఉంటుంది, మొనలు బయటపడి ఉండవు. అప్పుడే లాగితే జారి వచ్చేస్తుంది. అది నోరు మూసి, కప్పను నలిపి, కిందికి తిరగాలి. అప్పుడే మొనలు దవడకి ఎదురవుతాయి.

వరస ఇది:

1. శబ్దం వినగానే రాడ్ కొసను చేప వైపు దించండి.
2. దించుతూనే వదులు దారాన్ని చుట్టండి.
3. కప్ప కనబడుతోందా చూడండి. నీటి మీదే ఉంటే చేప గురి తప్పింది, రాడ్‌ని పైకి కొట్టకండి.
4. కప్ప కనబడకపోతే, దారం పక్కకి కదిలినా చేతికి బరువు తగిలినా, రెండు చేతులతో రాడ్‌ని బలంగా పైకి కొట్టండి.
5. కొట్టిన చేయి కిందికి దించకుండానే చుట్టడం మొదలుపెట్టండి.

"ఒకటి, రెండు" లెక్కపెట్టమని చాలామంది చెబుతారు. కొత్తలో పనికొస్తుంది గానీ లెక్క కన్నా బరువును నమ్మండి. చిన్న చేప త్వరగా వదిలేస్తుంది, పెద్దది తీరిగ్గా తీసుకుపోతుంది. దట్టమైన గడ్డిలో క్షణం ఎక్కువ ఆగాలి, తేటనీటిలో తక్కువ.

గురి తప్పితే కప్పను అక్కడే కదలకుండా ఉంచండి. పది సెకన్ల తర్వాత ఒక్క చిన్న కుదుపు. రాకపోతే ఆ చోటుని పావుగంట వదిలేసి, చిన్న కప్పతో మళ్లీ రండి.

## 11. బయటికి లాగడం

మొదటి మూడు సెకన్లలో దాని తల పైకి తిప్పాలి. రాడ్ ఎత్తి పట్టి, ఆపకుండా చుట్టి, ముందే చూసుకున్న ఖాళీ వైపు గడ్డి మీదుగా జార్చుకుంటూ తెచ్చేయండి. ఆడించి అలసట తెప్పించడం ఇక్కడ కుదరదు, అది తేటనీటి ముచ్చట.

గడ్డిలోకి దూరిపోతే ఎడాపెడా గుంజకండి. దారం బిగువుగా పట్టుకుని, రాడ్‌ని చేప వైపు నేరుగా చూపిస్తూ నిమిషం ఆగండి. చాలాసార్లు అదే కదిలి బయటపడుతుంది. కదిలిన క్షణాన మళ్లీ పైకి. దాని కోసం నీళ్లలోకి మాత్రం దిగకండి. గుర్రపుడెక్క కింద లోతెంతో తెలియదు, వేర్లు కాళ్లకి చుట్టుకుంటాయి.

ఎత్తు గట్టు మీదికి రాడ్‌తో చేపను ఎగరేయకండి. రాడ్ విరిగేది అక్కడే. వల వాడండి.

## 12. గాలం తీయడం, చేపను ఉంచడం

చేతులు తడుపుకోండి. పొడి చేతులకి జిగురు పోతుంది, వదిలేసిన చేపకి పుండ్లు పడతాయి. గ్రిప్‌తో కింది దవడ పట్టుకుని, మరో చేత్తో పొట్ట కింద ఆసరా ఇచ్చి, పట్టుకారుతో మొనను వచ్చిన దారినే వెనక్కి తోయండి. కొర్రమీనుకి పళ్లున్నాయి, వేలు నోట్లో పెట్టకండి. జెల్ల, ఇంగిలీకం పడితే ఇంకా జాగ్రత్త, వాటి ముళ్లు గుచ్చుకుంటే గంటలకొద్దీ సలుపుతుంది.

వంటకి ఉంచుకుంటే తడి గోనెసంచిలో వేసి నీడన పెట్టండి, చాలాసేపు బతికే ఉంటుంది. సంచిని పూర్తిగా నీళ్లలో ముంచకండి. పైకొచ్చి గాలి పీల్చుకోలేక చచ్చిపోతుంది.

చిన్నవాటినీ, వానాకాలంలో పొట్ట ఉబ్బిన ఆడచేపల్నీ వదిలేయండి.

## 13. ఎక్కువగా వచ్చే చిక్కులు, విరుగుడు

వరసగా కొడుతోంది, ఒక్కటీ పడట్లేదు. ముందు కప్ప మెత్తదనం, మొనల పదును చూడండి. రెండూ సరిగానే ఉంటే మీరు తొందరపడుతున్నారు. అప్పటికీ కాకపోతే కప్ప పెద్దదైపోయింది, సైజు తగ్గించండి.

పడ్డాక సగం దూరంలో ఊడిపోతోంది. డ్రాగ్ వదులు, లేదా చుట్టడం మధ్యలో ఆపుతున్నారు.

కప్ప మునిగిపోతోంది. ముక్కు దగ్గరి కన్నంలోంచి నీళ్లు ఎక్కుతున్నాయి. నాలుగైదు విసుర్లకోసారి పిండండి. చిరిగితే సూపర్ గ్లూ చుక్క వేసి ఒక రాత్రి ఆరనివ్వండి.

దారం ఉండలు కడుతోంది. స్పూలు అంచు దాకా నిండా చుట్టారు. రెండు మిల్లీమీటర్లు ఖాళీ వదలండి. విసిరాక బెయిల్ తీగను (రీల్ ముందుండే వంపు తీగ) రీల్ తిప్పి కాకుండా చేత్తో మూయండి.

అసలేమీ కదలట్లేదు. అరగంట చూసి చోటు మార్చండి. మధ్యాహ్నమైతే కల్వర్టు నీడలు మాత్రమే చూడండి. ఉరుములు మొదలైతే రాడ్ కింద పెట్టి గట్టు దిగిపోండి.

## 14. ఇంటికి వచ్చాక

కప్పల్ని పిండి, మొనలు కిందికి ఉండేలా నీడన ఆరబెట్టండి. తడిగా పెట్టెలో పెడితే తెల్లారేసరికి గాలాలకి తుప్పు. మెత్తటి ప్లాస్టిక్ పురుగుల్ని కప్పలతో కలిపి ఒకే అరలో ఉంచకండి, కరిగి ఒకదానికొకటి అతుక్కుంటాయి.

బ్రెయిడ్ మొదటి రెండు మీటర్లు వేళ్ల మధ్య జార్చి చూడండి. నూగు లేచిన మేర కత్తిరించేయండి. తెగిన దారం ముక్కల్ని గట్టు మీద పారేయకుండా జేబులో వేసుకుని తెచ్చుకోండి. కొంగలు, బాతులు, మేతకొచ్చే గేదెల కాళ్లకు అవి చుట్టుకుంటాయి.